పొద్దున ఇంజినీరింగు, మధ్యాహ్నం నర్సింగు

రాజాం చుట్టుపక్కల పల్లెల్లో నా ముఖం ఎవరికీ గుర్తుండదు గానీ నా గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆటో టాపు మీద రెండు హారన్లు కట్టుకుని ఊరూరా తిరిగి మైకులో చెప్పడం నా పని. చీరల కొట్టులో తగ్గింపు ధరలు, కళ్ళ డాక్టరు ఉచిత శిబిరం, తప్పిపోయిన గేదె, ఎవరు డబ్బులిస్తే ఆ రోజుకి వాళ్ళ మాట నా మాట. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. దానికి బడి పెద్దగా బాధపడినట్టు కనబడలేదు. పొద్దున్నే ప్రతిజ్ఞ చదివించడానికి తప్ప అక్కడ నాతో ఎవరికీ అవసరం ఉండేది కాదు. ఒకరోజు ఆ ప్రతిజ్ఞ రోడ్డు మీంచి విన్న మైకుసెట్టు ఆసామి ఒకాయన నన్ను పిలిచి, "ఒరే, నీ గొంతుకి ఈల్లు కూలేటైనా ఇస్తన్నారేటి?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన వెంట వెళ్ళిపోయాను.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి ఎవడో అరుస్తున్నాడని జనానికి తెలుస్తుంది, రెండోసారికి ఏమని అరుస్తున్నాడో వింటారు. గొంతులో అనుమానం వినబడకూడదు. "అనుకుంటాను", "కావచ్చు" లాంటి మాటలు హారన్లోంచి వస్తే ఊళ్ళో కుక్కలు కూడా లేచి చూడవు.

ఇంటరు ఫలితాలు వచ్చాక మాకు కాలేజీల సీజను మొదలవుతుంది. కొన్నేళ్ళుగా పొద్దున పూట ఒక ఇంజినీరింగు కాలేజీకీ, మధ్యాహ్నం నుంచి ఒక నర్సింగు స్కూలుకీ చెప్పేవాణ్ణి. ఆటో వెనక కట్టే బ్యానరుకి ఒకవైపు ఇంజినీరింగు, రెండోవైపు నర్సింగు ఉండేది. అన్నం తిని చెయ్యి కడుక్కుని దాన్ని తిరగేసుకునేవాణ్ణి. పొద్దున, "మీ పిల్లల బంగారు భవిష్యత్తుకు ఒకే ఒక్క దారి ఇంజినీరింగు. కొద్ది సీట్లు మాత్రమే ఖాళీగా ఉన్నాయి." మధ్యాహ్నం, "చదువు పూర్తికాక ముందే ఉద్యోగం పిలిచే ఒకే ఒక్క కోర్సు నర్సింగు. కొద్ది సీట్లు మాత్రమే ఖాళీగా ఉన్నాయి." ఒకే ఒక్క దారులు నా దగ్గర ఎప్పుడూ రెండుండేవి.

చీపురుపల్లి దారిలో ఒక ఊళ్ళో, అరుగు మీద చింతపండు పిక్కలు తీసుకుంటున్న ముసలమ్మ నన్ను ఆపింది.

"ఏటి బావూ, పొద్దున ఇంజినీర్ని సేసినావు, మద్దేనం నర్సుని సేసినావు. పొద్దుగూకితే కలకటేర్ని సేస్తావేటి?"

"కలెక్టరాఫీసు వోల్లు ఇంకా డబ్బులియ్యలేదు మామ్మా," అన్నాను.

ఇలా నవ్వులాటగానే గడిచిపోయేది. మా అమ్మాయి ఇంటరు పూర్తి చేసేదాకా.

అమ్మాయి ఎంపీసీ. ప్రవేశపరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకుంది. పేపర్లో ఫొటో వేసేంత మంచిది కాదు, ఇంట్లో దాచుకునేంత చెడ్డదీ కాదు. నేను పొద్దున పూట అరిచే కాలేజీలోనే సీటు పడింది. ఫీజు ప్రభుత్వమే కడుతుంది కదా, ఇంకేం కావాలి అన్నారు చుట్టాలు. ఫీజు కడుతుంది, నిజమే. బస్సుకీ, పుస్తకాలకీ, పరీక్షలకీ, ల్యాప్‌టాపుకీ ఎవరు కడతారు? ప్రభుత్వం డబ్బు రావడం ఆలస్యమైతే, "ముందు మీరు కట్టండి, అది వచ్చాక చూద్దాం" అన్నప్పుడు ఎవరు కడతారు? అది కూడా నాలుగేళ్ళు. ఇవేవీ నేను మైకులో ఎన్నడూ చెప్పలేదు. చెప్పమని ఎవరూ డబ్బులివ్వలేదు.

ఒకరోజు సాయంత్రం అన్నాలు తింటుండగా అమ్మాయి మెల్లగా అంది. "నాన్నా, నాను నర్సింగు సదువుతాను."

మా ఆవిడ జాకెట్లు కుడుతుంది. ఏ మాటనైనా ముందు కొలత తీసుకుని గానీ కత్తిరించదు. ఆ రోజు కొలత కూడా తీసుకోలేదు. "రేతిరి డూటీలు, ఒకల్ల మలమూత్రాలు ఎత్తడం. దీనికా నిన్ను ఎంపీసీ సదివించేం? సూడు మావా, నీ కూతురేటంటన్నాదో."

"ఇన్నాను. అన్నం తిన్నియ్యవే," అన్నాను.

అమ్మాయి అన్నీ కనుక్కునే ఉంది. నర్సింగులో డిగ్రీ నేరుగా చదవాలంటే బైపీసీ ఉండాలట. మూడేళ్ళ కోర్సు ఒకటుంది, దానికి ఏ గ్రూపయినా పనికొస్తుంది. అది అయ్యాక ఇంకో రెండేళ్ళు చదివితే డిగ్రీ కూడా చేతికొస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రికి అనుబంధంగా ఉండే స్కూల్లో సీటొస్తే ఫీజు ఉన్నా లేనట్టే. ఆ సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. అసలు చిక్కు అది కూడా కాదు. ఇంజినీరింగు సీటుకి వెళ్ళి చేరాల్సిన గడువు ముందు అయిపోతుంది. ప్రభుత్వ నర్సింగు జాబితా ఆ తరవాత ఎప్పుడో వస్తుంది. చేరితే సర్టిఫికెట్లు కాలేజీ చేతికి పోతాయి, మళ్ళీ అడిగితే తేలిగ్గా ఇవ్వరు. చేతిలో ఉన్నది వదులుకుంటే గానీ రాబోయేది వస్తుందో రాదో తెలియదు.

"అది రాపోతే?" అంది వాళ్ళమ్మ.

అమ్మాయి నా వైపు చూసింది. నేను చారు పోసుకున్నాను.

నిరుడు మా ఆవిడకి విజయనగరంలో ఆపరేషనయితే, తోడుగా ఉన్నది ఈ పిల్లే. సెలైను అయిపోతున్నా చూసుకోలేదని అక్కడి నర్సు ఈ పిల్లని వార్డంతా వినబడేలా తిట్టిందట. తిట్టి, సెలైను ఎలా చూసుకోవాలో, ఎప్పుడు పిలవాలో నేర్పిందట. తిరిగొచ్చాక మా అమ్మాయి ఆ నర్సు గురించే చెప్పేది. "ఆవిడకి డాట్రుగోరు తప్ప అందరూ బయపడతారు నాన్నా. ఆయన కూడా కొంచెం బయపడతాడు." తిట్టు తిన్నవాళ్ళు తిట్టినవాళ్ళని ఇలా మెచ్చుకోవడం నేను ఎక్కడా చూడలేదు. మా లెక్కల మేష్టారు విషయంలో నాకలా జరగలేదు.

సంగతి తెలిసి మా బావ, అంటే మా ఆవిడ అన్నగారు, కోటబొమ్మాళి నుంచి రైలెక్కి వచ్చాడు. చీపురుపల్లి స్టేషనుకి ఆటో తీసుకెళ్ళి ఎక్కించుకున్నాను. దారిపొడుగునా హారన్లు నా నెత్తిమీద ఉన్నా, అరిచింది ఆయనే.

"నీకు మతుండే మాటాడతన్నావా? ఇంజినీరింగు సీటొచ్చినాక ఎవుడైనా ఒగ్గెత్తాడేటి? మా వోణ్ణి సూడు, సాఫ్టువేరు."

"ఉద్యోగం ఒచ్చినాదేటి బావా?"

"వస్తాది. హైదరాబాదులో ఇంకో కోర్సు నేర్సుకుంటన్నాడు. అది అయిపోతే వస్తాది."

"మరి నాలుగేల్లు సదివినదేటయింది?"

"అది పునాదిరా."

"పునాదికి నెలనెలా అద్దె కట్టడం నీ దగ్గరే సూసేను బావా."

బావ నవ్వాడు. ఆయన దగ్గర ఉన్న మంచి గుణం అది. ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచీ అందుకున్నాడు. అమ్మాయి ఆయన ముందు టీ పెట్టి, అక్కడే నిలబడి చెప్పింది. "మావా, మీకు బూమున్నాది. మీ అబ్బాయి రెండోసారి సదువుకుంటన్నాడు, మూడోసారైనా సదువుకోగలడు. మాకు ఒక్కసారికే ఉన్నాది."

బావ టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే, నా భయం సరిగ్గా అదే. ఈ పిల్ల నర్సింగు అంటోంది తనకి ఇష్టమయ్యా, నా జేబు చూసా? లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్ల. చిన్నప్పుడు ఆటోలో నా పక్కన కూర్చుని, ఎదురొచ్చే లారీల నంబర్లు నోటితో కలిపేసేది. రేపు నలభై ఏళ్ళొచ్చాక, "అప్పుడు నాన్న దగ్గర డబ్బుల్లేక" అని ఎవరికో చెప్పుకుంటే? ఇంజినీరింగులో వేస్తే, నాలుగేళ్ళకి బావ కొడుకులా రూము అద్దెల దగ్గర ఆగిపోతే? రెండోసారికి నా దగ్గర ఏమీ లేదు. ఆటోయే ఇంకా పూర్తిగా నాది కాలేదు, ముందు చక్రం దాకా నాదని బ్యాంకువాళ్ళు ఒప్పుకుంటారు.

అడగాలనే వెళ్ళాను. పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నా నోటంట వచ్చింది మాత్రం, "తెల్లబట్టలు ఉతకడం మీ అమ్మ వల్ల కాదు, ఆలోసించుకో" అని.

"నాన్నా, ఒక్కసారి జోకు లేకుండా సెప్పు. ఏది మంచిది?"

"నాకు ఏ పూట ఎవులు డబ్బులిస్తే ఆల్లది."

మామూలుగా అయితే దానికి పైమాట వేస్తుంది. నా కూతురు కదా, నాకంటే పదునే. ఆ రోజు వెయ్యలేదు. తీగ మీద నా చొక్కా సరిచేసి లోపలికి వెళ్ళిపోయింది. నవ్వకుండా వెళ్ళిపోయిన వాళ్ళంటే నాకు మొదట్నించీ భయం.

ఆ వారమే నర్సింగు స్కూలు మేనేజరు పిలిచాడు. ఇంటి సంగతి ఆయన చెవిన ఎలా పడిందో. బహుశా నేనే వాగి ఉంటాను. "మీ అమ్మాయిని మా దగ్గర చేర్చెయ్యి. హాస్టలు ఖర్చులో సగం తగ్గిస్తాను. నువ్వు చెయ్యాల్సిందల్లా మైకులో ఒక ముక్క కలపడమే. నా సొంత కూతుర్ని కూడా ఇక్కడే చేర్చాను అని. నీ గొంతు జనం నమ్ముతారు," అన్నాడు.

సగం అనేది చాలా పెద్ద మాట. ఇంటికొచ్చేదాకా ఆటో దానంతటదే నడిచినట్టుంది. ప్రభుత్వ సీటు రాకపోయినా ఇదొకటుంటుంది కదా అనుకున్నాను. ఒక్క ముక్కే కదా అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని ముక్కలు కలపలేదు?

అప్పట్లో నా గొంతు పట్టేసింది. వానలు మొదలై, ఉభాలు, అంటే వరినాట్లు, జోరుగా సాగుతున్నాయి. ఊరికి ఊరు మడుల్లోనే ఉండేది. మడుల దాకా వినబడాలని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. అలాంటప్పుడు ముందే రికార్డు చేసుకుని పెన్‌డ్రైవు పెట్టి తిప్పుతాం. రికార్డింగంటే స్టూడియో అనుకునేరు. మంచానికి దోమతెర కట్టి, దానిమీద రెండు బొంతలు కప్పి, ఫ్యాను ఆపి, లోపల ఫోను పట్టుకుని కూర్చోవడమే. అలా చేస్తే గొంతు గోడలకి తగిలి మోగదు. మా ఆవిడ బయట కుట్టుమిషను ఆపి, కోళ్ళని తోలుతూ కాపలా ఉంటుంది.

"పెల్లయిన కొత్తలో కూడా ఇన్ని తెరలు కట్టుకోలేదు నువ్వు," అంది ఆ రోజు.

లోపల కూర్చుని, వేణ్ణీళ్ళు తాగి, బొంగురు తగ్గిన క్షణం చూసుకుని చెప్పాను. "ఎవరో చెప్పగా చెప్పడం లేదు. నా సొంత కూతుర్ని నర్సింగులో ఇక్కడే చేర్చాను." వెనక్కి తిప్పి విన్నాను. అద్భుతంగా వచ్చింది. చెమట తుడుచుకుంటూ బయటికి రాబోయి, ఆగాను. సీటు నిజంగా చేతిలో ఉన్నది ఇంజినీరింగులో కదా, అదెలా పలుకుతుందో చూద్దామనిపించింది. అది ఎలా పలికితే ఏమిటో నాకే తెలియదు. నోట్లో ఏది తేలిగ్గా తిరిగితే అదే సరైనదని తేలిపోతుందన్న ఆశ కాబోలు. మళ్ళీ బొంతల్లోకి దూరాను. "నా సొంత కూతుర్ని ఇంజినీరింగులో ఇక్కడే చేర్చాను." అది కూడా అద్భుతంగా వచ్చింది. రెండూ వింటుంటే ఆ తండ్రి ఎంత నిశ్చింతగా ఉన్నాడో అని నాకే అసూయ కలిగింది.

రెండూ ఒకే పెన్‌డ్రైవులో ఉండిపోయాయి.

మర్నాడు గరివిడి అవతల ఒక ఊళ్ళో, మామూలు నర్సింగు ప్రకటన తిప్పుతూ, కూడలిలో ఆటో ఆపి టీకొట్టులో కూర్చున్నాను. ప్రకటన అయిపోయింది. పెన్‌డ్రైవు తన దారిన తాను తరవాతి ముక్కకి వెళ్ళింది. నా సొంత కూతుర్ని నర్సింగులో చేర్చాను అంది. జనం టీ తాగుతున్నారు. నా సొంత కూతుర్ని ఇంజినీరింగులో చేర్చాను అంది. టీ తాగడం ఆపారు. నేను లేచి పరిగెత్తేలోపు మొదటికి వచ్చి, నా పద్ధతి ప్రకారం, అన్నీ రెండోసారి కూడా చెప్పింది.

టీకొట్టు ఆవిడ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "ఎంతమంది గుంటలు బావూ నీకు?"

"ఒక్కర్తే కూతురు."

"మరి ఒక్కర్తినే రెండుసోట్ల ఎలగ సేర్సినావు?"

"పొద్దున బ్యాచీ ఒకటి, మద్దేనం బ్యాచీ ఒకటి అత్తా," అన్నాడు పక్కన ఒక కుర్రాడు, ఫోనులో వీడియో తీస్తూ.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. నవ్వనివాడు ఒకడే. తలకి తువ్వాలు చుట్టుకుని, కాళ్ళకి ఇంకా మడి బురదతో ఉన్నాడు. "నీ మాట ఇనే మా గుంటని పోయినేడు సేర్సేను బావూ," అన్నాడు. కోపంగా అనలేదు, ఊరికే చెప్పాడు.

"ఎక్కడ?"

"నీ మద్దేనం బ్యాచీలో."

"బాగున్నాదేటి?"

"ఏటో మరి. పుస్తకాలిచ్చినారు, తెల్లబట్టలిచ్చినారు. ఆసుపత్రి మొకం ఇంకా సూపించలేదంట."

టీ డబ్బులిచ్చి ఆటో ఎక్కాను. ఆ పూట మరి మైకు పెట్టలేదు.

ఇంటికి చేరేసరికి వీడియో నాకంటే ముందు చేరింది. అమ్మాయి గుమ్మంలో కూర్చుని ఫోను చూస్తోంది. నా గొంతు ఆ చిన్న డబ్బాలోంచి రెండు ముక్కలూ చెబుతోంది. తిడుతుందనుకున్నాను, కనీసం నవ్వుతుందనుకున్నాను.

"రెండూ బాగున్నాయి నాన్నా. రెండూ నమ్మకంగానే ఉన్నాయి. అదే నా బయ్యం."

మర్నాడు పొద్దున్నే ఇంజినీరింగు కాలేజీ ఆఫీసు నుంచి ఫోను. వీడియో వాళ్ళు కూడా చూశారు. "ఆ రెండో ముక్క చాలా బాగా చెప్పావు. మొదటిది తీసేసి, అదొక్కటే తిప్పు. మీ అమ్మాయికి మొదటి ఏడాది బస్సు ఉచితం," అన్నారు. నా కూతురు పుట్టినప్పుడు కూడా ఆమె కోసం ఇంతమంది పోటీ పడలేదు. ఫోను పెట్టేసి మా ఆవిడతో చెబితే, "మంచిదే గదా" అంది. అనేసి, మిషను చక్రం మీద చెయ్యి వేసి చాలాసేపు తిప్పలేదు. ఇంజినీరింగు మీద ఆవిడకి కూడా అనుమానం మొదలయిందని అప్పుడు తెలిసింది.

తువ్వాలు మనిషి అన్న మాట అమ్మాయికి చెప్పాను. "ఎల్లి అడుగుదాం పద," అంది. ఇద్దరం నర్సింగు స్కూలుకి వెళ్ళాం. మేనేజరు కూల్‌డ్రింకు తెప్పించాడు. అమ్మాయి సీసా ముట్టుకోకుండా అడిగింది.

"సార్, మమ్మల్ని ప్రాక్టీసుకి ఏ ఆసుపత్రికి తీసుకెల్తారు?"

"టైయప్పులున్నాయమ్మా."

"ఏ ఆసుపత్రితో సార్?"

"పెద్దపెద్ద వాటితోనే."

"అందులో వార్డులో మంచాలెన్నుంటాయి సార్? మొదటి యేడాది ఎన్నిరోజులు పంపిస్తారు?"

మేనేజరు నా వైపు చూసి నవ్వాడు. "మీ అమ్మాయి చాలా తెలివైందండీ. ఇలాంటి పిల్లలే మాకు కావాలి."

బయటికొచ్చి ఆటో ఎక్కాక అమ్మాయి అంది. "నాన్నా, ఈయన నీకంటే బాగా సెప్తన్నాడు."

దాంతో హాస్టలు సగం అక్కడే ఆగిపోయింది. మధ్యాహ్నం పని కూడా నేనే ఆపేశాను. ఇక మిగిలినవి రెండు. చేతిలో ఉన్న ఇంజినీరింగు, వస్తుందో రాదో తెలియని ప్రభుత్వ నర్సింగు. రెండూ పోతే పట్టుకోవడానికి మూడోది లేదు.

చేరడానికి ఆఖరి రోజు. పొద్దున్నే తలంటుకుని, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని అమ్మాయి నా పక్కన, ముందు సీట్లోనే కూర్చుంది. చిన్నప్పుడు కూర్చున్న చోటే. వెళ్ళి చేరిపోదాం అనే నిర్ణయం మాదో, గడువుదో తెలియదు. ముసురు పట్టి ఉంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఎదురు రాబోయి, రావాలో వద్దో తేల్చుకోలేక అక్కడే ఆగిపోయింది.

కాలేజీకి తిరిగే మలుపు ముందు, "నాన్నా, ఆపు," అంది.

ఆపాను. ఇంజను కూడా ఆపాను. టాపు మీది హారన్ల మీద వాన చినుకులు పడుతున్న చప్పుడొకటే.

"సెప్పు. ఏటి సేద్దాం?"

నోటిదాకా మూడు జోకులొచ్చాయి. ఒకటి చాలా మంచిది కూడా. మింగాను.

"నాకు తెలీదమ్మా," అన్నాను.

ఆ మాట నా గొంతులో అంతకుముందు ఎప్పుడూ వినలేదు. బొంగురుగా, చిన్నగా వచ్చింది. దాన్ని రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

అమ్మాయి నా వైపు తిరిగి కూర్చుంది. తరవాత నేనే అడిగాను, ఇన్నాళ్ళూ అడగలేనిది. "నా జేబు సూసి నర్సింగంటన్నావేటి?"

"సూసే అన్నాను. నీ జేబు సూడక ఇంకెవులి జేబు సూడాల?"

"అది కాదమ్మా. జేబు నిండా డబ్బులున్నాయనుకో."

ఆలోచించింది. తొందరగా చెప్పేస్తే నేను నమ్మేవాణ్ణి కాదు. కవరు మీది నీళ్ళు చున్నీతో తుడిచి, "అప్పుడు నేరుగా డిగ్రీయే సదువుదును. ఇంటరు మల్లీ బైపీసీలో సదివి," అంది. "లెక్కలు నాకిష్టమే నాన్నా. లెక్కలు నాతోనే ఉంటాయి, ఎక్కడికీ పోవు. సెలైనుకి కూడా లెక్కుంటాది. నాకు మనుసులున్న సోట పని కావాల."

"జాబితాలో రాపోతే?"

"రాపోతే తిడతావేటి?"

"మీ అమ్మ తిడతాది. నేను పక్కన నిలబడతాను."

"అయితే తిప్పు."

తిప్పాను. రోడ్డు మీద ఇంత సులువుగా తిరిగే బండి, ఆ రోజు ఏనుగుని తిప్పినట్టు తిరిగింది.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి నా దగ్గర మంచి మాటలు లేవు. మా ఆవిడ తిట్టలేదు, తిడితే బాగుండును. అమ్మాయి వాళ్ళమ్మ పక్కన కూర్చుని జాకెట్లకి హుక్కులు కుట్టడం నేర్చుకుంది. ఆ సూది అలా తేలిగ్గా ఆడుతుంటే, చూడలేక నేను బయటికి పోయేవాణ్ణి. బావ రోజూ ఫోను. "ఒచ్చినాదేటి?" "రాలేదు బావా." "మరేటి సేస్తావు?" "నీ పునాదిలో ఒక గది అద్దెకిస్తావేటి?" అనేవాణ్ణి.

మధ్యలో ఇంజినీరింగు కాలేజీవాళ్ళు మిగిలిన సీట్ల కోసం మళ్ళీ పిలిచారు. అమ్మాయి చేరలేదని వాళ్ళకి తెలుసు, అయినా పిలిచారు. పని పని కదా అని వెళ్ళాను. ఒక ఊరి మొదట్లో మైకు పట్టుకుని, "కొద్ది సీట్లు మాత్రమే ఖాళీగా ఉన్నాయి" అన్నాను. ఇన్నేళ్ళుగా చెబుతున్న మాట. అది నిజమో కాదో నాకెప్పుడూ తెలియలేదు, అడగలేదు. ఈసారి ఒక సీటు ఖాళీగా ఉందని నాకు ఖాయంగా తెలుసు. అది ఎవరిదో కూడా తెలుసు. రెండోసారి చెప్పలేకపోయాను. ఊళ్ళో ఎవరూ గమనించలేదు. గొంతు పట్టేసిందనుకుని ఒకావిడ మజ్జిగ ఇచ్చింది.

జాబితా వచ్చిన రోజు నేను కళ్ళ శిబిరం గురించి చెబుతున్నాను. ఒక చేతిలో మైకు, ఒక చేతిలో హ్యాండిలు. ఫోను మోగితే, మైకు కట్టెయ్యకుండానే ఎత్తాను.

"నాన్నా, పేరున్నాది. కిందనుంచి సూస్తే తొందరగా కనపడతాది."

"ఆఁ? మల్లీ సెప్పు."

ఆ "మల్లీ సెప్పు" రెండు హారన్లలోంచీ ఊరంతా వినబడింది. మడుల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. అమ్మాయి మళ్ళీ చెప్పింది. నేను మైకు కట్టేసి, ఆటో పక్కకి తీసి, వెనక సీట్లోకి వెళ్ళి ప్రయాణికుడిలా కూర్చున్నాను.

మా ఆవిడ అమ్మాయి యూనిఫాం తనే కుట్టింది. అమ్మినవాళ్ళ కొలతలు పనికిరావంది. రాత్రి డ్యూటీల సంగతి ఇప్పటికీ గొణుగుతూనే ఉంటుంది, అమ్మాయి ఫోను ఎత్తకపోతే నన్నే చూస్తుంది. నా భయం కూడా పూర్తిగా పోలేదు. చదువవ్వాలి, ఉద్యోగం రావాలి, మొదట్లో జీతాలు ఎంతిస్తారో అని అక్కడి పిల్లలే అనుకుంటున్నారట. కోర్సు మారింది గానీ ఒక్కసారికే ఉన్నదన్న మాట మారలేదు. సెలవులకి వచ్చినప్పుడు మాత్రం, ఆ పిల్ల నన్ను తిట్టే తీరు చూస్తే చదువు బాగానే సాగుతున్నట్టుంది.

ఈ ఎండాకాలం మళ్ళీ సీజను మొదలయింది. పొద్దున పూట ఇంజినీరింగు చెబుతుంటే ఒక రైతు చెయ్యెత్తి ఆటో ఆపాడు. వెనక గుమ్మంలో ఆయన కూతురు కాబోలు, తలుపు పట్టుకుని వింటోంది.

"బావూ, మా గుంటకి ఇంజినీరింగు మంచిదంటావా, నర్సింగు మంచిదంటావా?"

మైకు కట్టేసి కిందికి దిగాను. "నాకు తెలీదు మావా. గుంటని అడిగినావేటి?"

ఆయన నన్నూ, టాపు మీది హారన్లనీ ఎగాదిగా చూశాడు. "తెలీనోడివి, ఇంత పెద్ద గొంతేసుకుని ఎందుకు తిరుగుతన్నావు?" అన్నాడు.

ఆయన లోపలికి వెళ్ళాడు. తలుపు దగ్గర పిల్ల ఏదో చెబుతున్నట్టుంది, ఆటో ఇంజను చప్పుడులో వినబడలేదు. కాసేపయ్యాక చెట్టు కింద క్యారేజీ విప్పి అన్నం తిని, చెయ్యి కడుక్కుని బ్యానరు తిరగేశాను. మధ్యాహ్నం పూట ఇప్పుడు పరుపుల దుకాణం. పరుపుల గురించి ఎవరూ ఆటో ఆపి అడగరు.